పదకొండు నిమిషాల ఎండ

నవంబరు చివరి వారంలో స్కుగ్గెదాల్ లోయకి మొహం చాటేసిన సూర్యుడు మళ్ళీ జనవరి ఇరవై ఒకటిన, మధ్యాహ్నం పన్నెండు దాటాక వస్తాడు. అదీ ఎండగట్టు మీదికి ఎక్కి నిలబడ్డవాళ్ళకి మాత్రమే, పదకొండు నిమిషాలు. లోయలో కూర్చున్నవాళ్ళు ఇంకో పదిపన్నెండు రోజులు ఆగాలి. ఈ రెండు నెలలూ పగలంటే నీలిమందు కలిపిన నీళ్ళలాంటి వెలుతురు, అది కూడా నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో బయటపడి ఒళ్ళు వంచకపోతే ఆ నీలం మనిషి లోపలికి దిగి కూర్చుంటుందని తోరున్ నమ్మకం.

నమ్మకాన్ని మనసులో పెట్టుకుని ఊరుకునే రకం కాదామె. ఇంటిల్లిపాదినీ దానితోనే తోలుతుంది. భర్త హల్వర్ చేపల గిడ్డంగిలో గుమాస్తా. పొద్దంతా కుర్చీలో కూర్చుని వచ్చి, అలసిపోయానంటూ సోఫాలో కూర్చుంటాడు. పోయిన శీతాకాలం డాక్టరు అతని ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "కాళ్ళు కదిపితేనే ఇదీ కదులుతుంది" అన్నప్పటినుంచి తోరున్‌కి కంటినిండా నిద్ర లేదు. పద్నాలుగేళ్ళ గ్రూ వదిలేస్తే ఏప్రిల్ దాకా దుప్పట్లోనే ఉండగలదు. ఎనిమిదేళ్ళ సున్నివకి బద్ధకం లేదుగాని అక్క ఏం చేస్తే తనూ అదే చేస్తుంది. ఇక అత్తగారు బోర్గిల్, డెబ్భై నాలుగేళ్ళ మనిషి, కిటికీ పక్కన ఊలు అల్లుకుంటూ జరిగేదంతటికీ వ్యాఖ్యానం చెబుతూ ఉంటుంది.

"లేవండి లేవండి. సోఫా ఎక్కడికీ పారిపోదు."

"అమ్మా, టీవీలో ఇప్పుడే మొదలైందే."

"ఉన్నది ఒక్క ఛానెలు. దాంట్లో వచ్చేది వాతావరణం. అదేదో బయటికెళ్ళి చూడు."

"చంటిపిల్లల్నైనా ఇంత తొందరపెట్టరమ్మా," అంటుంది బోర్గిల్, అల్లిక మీంచి తల ఎత్తకుండా. "నా కొడుకు తిన్న ముద్ద గొంతు దిగిందో లేదో."

"దిగడానికేనత్తయ్యా పంపేది."

ఊలు చేతితొడుగులు, టోపీలు, బూట్లు, నడుంసంచిలో ఒలవని నారింజపళ్ళు, ఫ్లాస్కులో కోకో. తలుపు దగ్గర వరసగా నిలబెట్టిన స్కీలు. తండ్రీ కూతుళ్ళు ముగ్గురూ అడుగు పెట్టి, కొక్కెం టక్కుమనిపించి, దీపస్తంభాల వెంట సాగే స్కీ బాటలోకి జారిపోతారు. తోరున్ వెనకే వెళ్దామనుకుంటుంది. నిన్న తడిసిన తొడుగులు పొయ్యి మీది తీగ నుంచి తీసి, ఇవాళ్టివాటికి చోటు చేసి, చారు పొయ్యి మీద పడేసి వెళ్దామనుకుంటుంది. అప్పటికి ఆ నాలుగు గంటలూ అయిపోతాయి.

అయితే ఆ స్కీలు అలా జారడానికీ, ఎక్కుడులో వెనక్కి జారకుండా మంచుని పట్టుకోవడానికీ వెనకాల ఒక పనుంది. ఆ పని నేలమాళిగలో జరుగుతుంది. ప్రతి ఉదయం తోరున్ పెరట్లోకి వెళ్ళి, తొడుగు తీసేసి, ఒట్టి అరచేతిలోకి ఇంత మంచు తీసుకుని పిండుతుంది. ఉండ కడితే ఒక మైనం, పొడిగా రాలిపోతే ఇంకో మైనం. వేళ్ళ సందుల్లో కిర్రుమంటే ఒకటి, నోరెత్తకుండా కరిగిపోతే మరొకటి. తర్వాత కిందికి వెళ్ళి, స్కీని బల్లకి బిగించి, నిన్నటి మైనాన్ని రేకుతో గీకి, కొత్తది కాలి కింద పడే మూడు జానల మేర పల్చగా పూసి, బెండుముక్కతో రుద్దుతుంది. చెయ్యి వేడెక్కేదాకా, మైనం అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. మందంగా పూసిన ఒక పూత కంటే పల్చగా పూసిన మూడు నయం. ఇది వాళ్ళ నాన్న నేర్పింది. ఆయన మాటలు మరిచిపోయినా ఆయన వేళ్ళు ఆమె వేళ్ళల్లో మిగిలాయి.

ఊళ్ళో మాత్రం దానికి హల్వర్ చెయ్యి అని పేరు. హల్వర్ మైనం రాస్తే గోడెక్కినా జారదంటారు. ఎవరో ఎప్పుడో మొదట మెచ్చుకున్నప్పుడు అతను కాదనలేదు, పక్కనే ఉన్న ఆమె కూడా కాదనలేదు. రెండోసారికి ఇద్దరికీ సిగ్గేసింది. పదోసారికి అలవాటైపోయింది.

ఆ మంగళవారం సాయంత్రం ఊరి స్కీ క్లబ్బు అధ్యక్షుడు స్వేర్రె వాళ్ళింటికొచ్చాడు. పోస్టాఫీసు స్వేర్రె అంటే ఊళ్ళో అందరికీ తెలుసు. ఉత్తరాల కంటే ముందు కబుర్లు చేరవేసే మనిషి. బూట్ల మంచు గుమ్మంలోనే దులుపుకుని, కాఫీ చేతికి రాకముందే పనిలోకి దిగాడు.

"శుక్రవారం ఎండ దినం కదా. ఈసారి బడి పిల్లలు మొత్తం ఎక్కుతున్నారు, నలభైమంది. పోయినేడు సగంమందికి స్కీలు జారి ఏడుపులూ పెడబొబ్బలూ. ఈసారి అలా కాకూడదనుకున్నాం. హల్వర్, గురువారం సాయంత్రం క్లబ్బు గదిలో నలభై జతలూ నువ్వే మైనం పట్టించాలి. నీ చెయ్యి పడితే ఇక చూసుకోనక్కర్లేదు."

తోరున్ కాఫీ వంచుతూ ఆగింది. హల్వర్ కప్పులోకి చూశాడు. ఇప్పుడు చెబుతాడనుకుంది. ఇంట్లో చేసుకుంటే సరే, నలుగురి మధ్య గదిలో ఎలా చేస్తాడు, ఇప్పుడైనా నోరు విప్పక తప్పదు కదా అనుకుంది.

"చేద్దాంలే," అన్నాడు హల్వర్.

"అదీ మాట. తోరున్, నువ్వెలాగూ ఎండ బన్నులు వేయిస్తావు. ఈసారి ఎనభై. పిల్లలు చలికి వణుకుతూ దిగుతారు, వేడివేడిగా ఉండాలి. జామ్ కొంచెం ఎక్కువ కూరు."

పదహారేళ్ళుగా అదే. ఎండ దినాన ఊరంతా గట్టెక్కుతుంది. తోరున్ వంటింట్లో పిండి ఉండలు నూనెలో వేసి, పొంగినవాటిని తిప్పి, లోపల జామ్ కూరి, పైన పంచదార చల్లుతుంది. రెండు గంటలకి వీళ్ళు ఎర్రటి బుగ్గలతో వచ్చి, బన్ను కొరుకుతూ చెబుతారు. అబ్బ, ఏం ఎండ తోరున్, కొండ అంచు మీద రాగి పళ్ళెమంత. గ్రూ తనకి అయిదేళ్ళప్పుడు, అమ్మా నా మొహం మీద పడింది చూడు అని చెంప చూపించింది. ఆమె ఆ చెంప ముట్టుకుని చూసింది కూడా. పెళ్ళై ఈ లోయకి వచ్చినప్పటినుంచి తోరున్ తొలి ఎండని అలా విని తెలుసుకోవడమే.

కాఫీ గిన్నె బల్ల మీద పెట్టి అంది.

"ఈ ఏడు నేనూ పైకొస్తాను."

స్వేర్రె నవ్వాడు.

"రావచ్చు, రాకూడదని ఎవరన్నారు. మరి బన్నులు?"

"ఏమో. మీ ఇంట్లో పొయ్యి లేదా?"

బోర్గిల్ అల్లిక ఆపింది. "సూర్యుడేమైనా పారిపోతున్నాడా? పది రోజులాగితే ఈ కిటికీలోకే వస్తాడు. పనిగట్టుకుని ఎదురెళ్ళడం దేనికి?"

"కిటికీలోకి వచ్చేది అందరూ చూసేశాక మిగిలిందత్తయ్యా."

అలాంటి మాట తన నోట్లో ఉందని తోరున్‌కి అంతవరకూ తెలీదు. చెవులు వేడెక్కాయి. స్వేర్రె గబగబా కాఫీ తాగి లేచాడు. గుమ్మం దగ్గర హల్వర్ భుజం తట్టి, గురువారం అయిదింటికి అని గుర్తు చేసి వెళ్ళిపోయాడు.

బుధవారమంతా హల్వర్ ఆమె చుట్టూ తిరిగాడు. ఆమె నేలమాళిగలో పిల్లల స్కీలు గీకుతుంటే మెట్లు దిగి వచ్చి నిలబడ్డాడు. గీకిన మైనం చుట్టలు చుట్టలుగా నేల మీద రాలుతోంది. ఆ గదిలో ఎప్పుడూ తారు, కొవ్వొత్తి కలిసిన వాసన.

"కోపమా?"

"మైనం గీకుతున్నాను."

"క్లబ్బు గదికి వెనక తలుపుంది తెలుసుగా. ఆరింటికి అందర్నీ పంపించేస్తాను. నువ్వొచ్చి..."

రేకు ఆగింది. ఆమె అతని మొహంలోకి చూసింది. మంచివాడే. గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆమెకి జ్వరమొస్తే తనే చారు కాచి మంచం దగ్గరికి తెస్తాడు. అటువంటి మనిషి తనని దొంగలా వెనక తలుపులోంచి రమ్మంటున్నాడు. దాంట్లో తప్పేమిటో అతనికి తెలీడం లేదు. అదే ఆమెకి ఎక్కువ నొప్పి కలిగించింది.

"నేను రాను హల్వర్. నేర్చుకుంటానంటే ఇక్కడ, ఇప్పుడు, నేర్పుతాను."

"తెలుసులే నాకు. పదహారేళ్ళుగా చూడ్డం లేదూ?"

"చూశావు. చేశావా?"

అతను బెండుముక్క తీసి అటూ ఇటూ తిప్పి, మళ్ళీ బల్ల మీద పెట్టి పైకెళ్ళాడు.

గురువారం గాలి సముద్రం వైపునుంచి వీచింది. చూరు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారాయి. తోరున్ పెరట్లో మంచు పిండితే అరచేతిలో నీరైంది. ఇలాంటి రోజున ఎవరైనా జిగురు మైనమే వాడతారు. గొట్టంలోంచి పిండితే బంకలా సాగుతుంది అది. తడిసిన మంచుకి, గడ్డకట్టిన మంచుకి అంతకంటే మంచి పట్టు లేదు. కాని ఆమె ముక్కుకి పడమటి గాలిలో ఇంకేదో తగిలింది. గాలి మారితే చలి, చలి వెనక కొత్త మంచు. హల్వర్ టోపీ పెట్టుకుని బయల్దేరుతుంటే వెనకనుంచి అంది.

"ఇవాళ రాయకు. పొద్దున్నే లేచి మంచు చూసి రాయి."

"స్వేర్రె ఇవాళే అయిపోవాలంటున్నాడు. పొద్దున నలభై జతలంటే ఎలా?"

"సరే. జిగురు రాస్తే మాత్రం దాని మీద గట్టి మైనం ఒక పూత వెయ్యి. కొత్త మంచు పడిందంటే ఒట్టి జిగురుకి..."

"తెలుసులే," అన్నాడు, తలుపు వేసుకుంటూ.

శుక్రవారం ఉదయం ఆమె కళ్ళు తెరిచేసరికి చూరు బొట్లు ఆగిపోయి ఉన్నాయి. కిటికీ అవతల లోకమంతా మెత్తగా, శబ్దం లేకుండా, అప్పుడే దూది ఏకి పరిచినట్టు ఉంది. జానెడు కొత్త మంచు. హల్వర్, పిల్లలు తొందరగా తిని బడి దగ్గరికి వెళ్ళిపోయారు. స్కీలు అక్కడే, క్లబ్బు గదిలోనే ఉన్నాయి. వెళ్ళేముందు గ్రూ గుమ్మంలో నిలబడి అడిగింది.

"నిజంగా వస్తావా?"

"వస్తాను."

"అమ్మలెవరూ రారు."

"ఒకతి వస్తుందని చెప్పు."

వంటింట్లోకి వెళ్తే బోర్గిల్ నడుముకి ఆప్రాన్ కట్టుకుని ఉంది. బల్ల మీద పిండి పొంగుతోంది. ఎప్పుడు లేచి కలిపిందో. కోడలి వైపు చూడకుండా చేతులకి పిండి రాసుకుంటూ గొణిగింది.

"నిలబడి చూస్తావేం? నా చేతి బన్నులు గట్టిగా వస్తాయి. ఎవడైనా పన్ను విరిగిందంటే నీ పేరు చెబుతాను."

"చెప్పండత్తయ్యా."

"టోపీ చెవుల మీదికి లాక్కో."

తోరున్ పెరట్లో మంచు పిండింది. పొడిగా, చక్కెరలా రాలింది. అడుగున మాత్రం నిన్నటి గడ్డ. నేలమాళిగలోకి వెళ్ళి తన పాత స్కీలు తీసింది. ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరివి చేసీ చేసీ, టైమైపోయాక తనవి గోడకే ఆనించి వదిలేసేది. ఇవాళ బల్లకి బిగించింది. జిగురు మైనం వేలిగోరంత, గాజు మీద ఆవిరంత పల్చగా రాసి, బయటపెట్టి గడ్డకట్టనిచ్చి, దాని మీద చలి మంచుకి వాడే గట్టి నీలం మైనం రెండు పూతలు వేసి, చెయ్యి వేడెక్కేదాకా రుద్దింది. తనకోసం తను రుద్దుతుంటే ఎందుకో తొందర లేదు. ఎవరి పనో చేస్తున్నప్పుడు పెట్టే శ్రద్ధే తన పనికీ పెట్టడం ఆమెకి వింతగా, కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది.

పదిన్నర దాటాక బయల్దేరింది. ఆ నీలి వెలుతురులో ఊరు నిద్రలో ఉన్నట్టుంది. పొగగొట్టాల పొగ నిటారుగా లేచి, కదలకుండా నిలబడింది. స్కీలు సుయ్‌మని జారాయి. అడుగు నొక్కితే పట్టు, వదిలితే జారుడు, నొక్కితే పట్టు. కాసేపటికి కాళ్ళు ఆమెవి కావు, ఊపిరి ఆమెది కాదు. అన్నీ వాటంతటవే నడుస్తున్నాయి. తెల్లటి బెరడున్న భూర్జ చెట్లు ఒక్కొక్కటే పక్కనుంచి వెనక్కి వెళ్ళాయి. కొమ్మల మీది మంచు ఎవరూ తాకకుండానే పొడిపొడిగా రాలింది. చిన్నప్పుడు నాన్న వెనక ఇలాగే వెళ్ళేది, ఎక్కడికని అడగకుండా. ఈ ఒంటికి ఇదంతా గుర్తుందా అని ఆశ్చర్యపోయింది. గొంతులో ఏదో పాటలాంటిది కదిలింది, పదాల్లేకుండా.

పదకొండుంపావుకి మొదటి ఎక్కుడు మలుపు తిరిగింది. అక్కడ ఆగిపోయింది.

వాలంతా పిల్లలు. నలభైమంది, ఇద్దరు టీచర్లు, స్వేర్రె, హల్వర్. ఒక్కరూ ముందుకి కదలడం లేదు. కొందరు మంచులో కూలబడ్డారు. కొందరు స్కీలు పైకెత్తి చూపిస్తున్నారు. కాళ్ళ కింద కొబ్బరికాయంత మంచు గడ్డలు అంటుకుని వేలాడుతున్నాయి. ఒట్టి జిగురు మైనం కొత్త మంచుని పీల్చి పట్టుకుంది. మడమల కింద ముద్దలు పెరిగి పిల్లలు ఎత్తుమడమల చెప్పులేసుకున్న ఆడవాళ్ళలా ఊగుతున్నారు. సున్నివ ముక్కు తుడుచుకుంటోంది. గ్రూ కర్రతో గడ్డల్ని పొడుస్తోంది, నాన్న వైపు చూడకుండా.

"ఏంటయ్యా ఇది?" స్వేర్రె గొంతు వాలంతా వినిపించింది. "నీ చెయ్యి అన్నాం, నమ్మాం. నలభైమంది పిల్లలు, ఇంకో ముప్పావు గంటలో ఎండ. ఏం చెప్పమంటావు వీళ్ళకి?"

హల్వర్ మంచు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒక పిల్లవాడి స్కీని చేత్తోనే గీకుతున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. స్కీల చప్పుడుకి తలెత్తి భార్యని చూశాడు. ఆమె స్కీల కింద ఏమీ లేదు, శుభ్రంగా ఉన్నాయి. అది స్వేర్రె కూడా చూశాడు.

"తోరున్ స్కీలు బానే ఉన్నాయే. అవి నువ్వు చేసినవేనా?"

హల్వర్ లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ మంచు దులుపుకోలేదు.

"కాదు," అన్నాడు. "నేను చేసినవి ఇవే, నిన్న సాయంత్రం. అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. మీరు హల్వర్ చెయ్యి అన్నదంతా ఈమె చెయ్యే. నాకు మంచు పిండటం కూడా రాదు."

తోరున్‌కి కళ్ళు చెమర్చాయి. పదహారేళ్ళుగా వినాలనుకున్న మాట, తను వినాలనుకుంటున్నట్టు తనకే తెలీని మాట, అందరి ముందూ వచ్చేసింది. అతని మీద జాలేసింది, ప్రేమా వేసింది. స్వేర్రె తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అయితే ఇంకేం, మనిషి ఇక్కడే ఉందిగా. తోరున్, కాస్త నువ్వే చెయ్యి మరి. పిల్లలూ, వరసలో నిలబడండి. స్కీలు విప్పండి, స్కీలు విప్పండి."

పిల్లలు నిజంగానే వరస కట్టారు. విప్పిన స్కీలు చేతుల్లో నిలబెట్టుకుని, ఆమె వైపే చూస్తూ. ఎనభై కళ్ళు. తోరున్ సంచి దించి మైనం డబ్బా, రేకు, బెండు తీసింది. చేతులు అలవాటుగా కదిలాయి. జతకి నాలుగు నిమిషాలు. నలభై జతలు. లెక్క ఆమె కట్టలేదు, అదే కట్టుకుంది. ఈ వరస అయ్యేసరికి ఎండా ఉండదు, వెలుతురూ ఉండదు. వీళ్ళంతా పైకెళ్ళి చూసొచ్చి, రాగి పళ్ళెమంత అని చెబుతారు. ఈసారి తన పేరు కూడా పెట్టి చెబుతారు. తేడా అంతే.

ఎదురుగా మొదట నిలబడింది గ్రూ. తోరున్ ఆమె స్కీ తీసుకుని మంచులో నిలువుగా గుచ్చింది.

"అందరూ ఇటు చూడండి. స్వేర్రె, నువ్వూ చూడు. టీచర్లు కూడా దగ్గరికి రండి. హల్వర్, నువ్వు ముందుకు రా. ఒక్కసారే చూపిస్తాను."

ముందు రేకుతో గడ్డలు కొట్టేసింది. జిగురుని పల్చబడేదాకా గీకింది. నీలం మైనం పైపైన రాసింది. "నొక్కకండి, తాకిస్తే చాలు." బెండుతో రుద్దింది. "వేడి పుట్టాలి. చెయ్యి నొప్పి పుట్టేదాకా కాదు, వేడి పుట్టేదాకా." రెండో స్కీకి కూడా అంతే. తర్వాత రేకు స్వేర్రె చేతిలో పెట్టింది. డబ్బా ఒక టీచరుకిచ్చింది. బెండు హల్వర్ చేతిలో పెట్టి అతని వేళ్ళు దాని మీద మూసింది. అతని వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"నువ్వెక్కడికి?" అన్నాడు స్వేర్రె, నిజంగా అర్థంకాక.

"పైకి."

గ్రూ అప్పటికే పక్కనున్న చిన్నపిల్ల స్కీ మీదికి వంగి, తల్లి చేసినట్టే గడ్డలు గోళ్ళతో తీస్తోంది. చక్కగా చేస్తోంది కూడా. వేళ్ళు ఎవరివో వెంటనే తెలిసింది. తోరున్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వొద్దు. లే."

"ఒక్కటేనమ్మా, అయిపోతుంది."

"అయిపోదు గ్రూ. అది అయిపోయే పని కాదు. నీ స్కీలు తొడుక్కో, నడు."

గ్రూ తల్లి మొహం చూసి స్కీలు తొడుక్కుంది. వెనక సున్నివ ఏడుపు గొంతు వినిపించింది, మరి నేనో అని. హల్వర్ గొంతు దానికి జవాబిచ్చింది. "ముందు నీవే చేస్తా, ఇలా తే." తోరున్ వెనక్కి తిరగాలనుకుంది. తిరిగితే ఆగిపోతానని భయమేసి తిరగలేదు. అంత భయం ఆమె ఏ కొండ వాలులోనూ పడలేదు.

ఎండగట్టు మీద ఊరి పెద్దవాళ్ళు పదిమంది దాకా ముందే చేరి నిలబడ్డారు. దక్షిణాన కొండల అంచు గులాబీ రంగు తిరిగి, తర్వాత పసుపై, ఆగిపోయింది. పన్నెండు దాటి ఏడు నిమిషాలు. ఒక మబ్బు అడ్డంగా పడుకుని ఉంది. తోరున్ తొడుగులు తీసేసింది, ఎందుకో తెలీదు. మబ్బు కింది అంచుకి నిప్పంటుకున్నట్టైంది. తర్వాత కొండకీ మబ్బుకీ మధ్య సన్నటి సందులోంచి, ఒలిచిన నారింజ తొనంత, సూర్యుడు.

వెచ్చగా లేదు. చర్మానికి ఏమీ తెలియలేదు. కాని మంచు మీద ఆమె నీడ పడింది, పొడుగ్గా, లోయ దాకా. రెండు నెలలుగా నీడ లేకుండా తిరిగిన మనిషి. పక్కన గ్రూ నీడ. అప్పుడే రొప్పుతూ వచ్చిన ఒక పొట్టి నీడ వాటి మధ్య దూరింది. సున్నివ. ఊపిరాడక, టోపీ ఒక చెవి మీదికి జారిపోయి.

"నాన్న చేశాడు నావి. కొంచెం జారాయి. అయినా వచ్చేశా." తల్లి వేళ్ళు పట్టుకుని, "అదేనా? ఇంతేనా?" అంది.

"ఇంతే."

నాలుగు నిమిషాలకి మబ్బు మూసుకుంది. మిగతా ఏడు నిమిషాలూ అందరూ మబ్బుని చూస్తూ నిలబడ్డారు, మర్యాదగా. ఈలోగా పిల్లలు ఒకరి వెనక ఒకరు ఎక్కుతూ వచ్చారు. సగంమందికి మబ్బు అంచున ఆఖరి వెలుగు దొరికింది. మిగతావాళ్ళు గట్టు మీద పొర్లి ఆడుకున్నారు, ఎండ సంగతే మరిచిపోయి.

ఒంటిగంట కావస్తుంటే హల్వర్ ఒక్కడే పైకొచ్చాడు. తన స్కీలు చెయ్యడానికి టైము చాలక వాటిని భుజాన వేసుకుని, మోకాలు లోతు మంచులో నడిచి వచ్చాడు. తోరున్ ముందు అతని ఛాతీ వైపు చూసింది, తర్వాత మొహం వైపు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఊపిరి పెద్దదే గాని నిలకడగా ఉంది. పిల్లలు అప్పటికే కిందికి జారిపోతున్నారు. గట్టు మీద మళ్ళీ నీలం.

"ముప్ఫై ఒకటి చేశాను," అన్నాడు. వేళ్ళు చూపించాడు. మైనం అంటుకుని, కొయ్యబారి ఉన్నాయి. "ఎలా ఉంది?"

రాగి పళ్ళెమంత అనవచ్చు. చెంప మీద పడిందనవచ్చు.

"చిన్నది. తొనంత. నాలుగు నిమిషాలు, ఆపైన మబ్బు. మీరంతా చెప్పేదాంట్లో సగం కూడా లేదు."

హల్వర్ భుజం మీంచి స్కీలు దించాడు.

"తోరున్, ఒకటి చెప్పాలి. ఈ పదహారేళ్ళలో ఆరేళ్ళు మాకసలు ఏమీ కనపడలేదు. మబ్బే. ఒకేడైతే మంచు తుఫానుకి సగం దారిలోనే వెనక్కి తిరిగాం. దిగి వస్తే నువ్వు గుమ్మంలో నిలబడి ఉండేదానివి, ఎనభై బన్నులు చేసి, పంచదార చేతులతో, ఎలా ఉందీ అని. ఎలా చెప్పమంటావు? దార్లోనే అందరం అనుకునేవాళ్ళం, పెద్దగా ఉందని చెబుదామని. పిల్లలకి కూడా నేర్పాను."

తోరున్‌కి చెంప చూపించిన అయిదేళ్ళ గ్రూ గుర్తొచ్చింది. ఆ చెంప వెచ్చగానే ఉంది, తను ముట్టుకుంది. కోపం రావాలి, వచ్చింది కూడా. ఇంతమంది కలిసి తనని ఇన్నేళ్ళు మోసం చేశారు. ఇంతమంది కలిసి, చలిలో, మబ్బు కింద, వట్టి చేతులతో దిగుతూ తనకోసం ఒక సూర్యుణ్ణి తయారుచేశారు. రెండూ ఒకేసారి గుండెలో పట్టక నవ్వొచ్చింది, కన్నీళ్ళతో కలిపి. ఆ చలికి అవి కనురెప్పల మీదే గడ్డకట్టాయి.

"ఏ ఆరేళ్ళు?"

"గ్రూకి అయిదేళ్ళప్పుడొకటి. తర్వాత..."

"వద్దు," అంది తోరున్. "ఇంక చెప్పకు. ఉండనీ."

అతను తలూపి, స్కీలు మంచు మీద పరిచి తొడుక్కోబోయాడు. వేళ్ళు వంగక కొక్కెం పడలేదు. ఒకసారి, రెండుసార్లు జారిపోయింది. ఆమె అలవాటుగా ముందుకి వంగి, మళ్ళీ నిటారుగా నిలబడింది. కర్రల మీద చేతులాన్చి, కింద లోయలో ఒక్కొక్కటే వెలుగుతున్న దీపాలు చూస్తూ, అతనంతట అతను తొడుక్కునేదాకా ఆగింది.